కుందేలు ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు

మా అమ్మాయి ఫోన్‌లో చాలాకాలం ఒకటే వాల్‌పేపర్ ఉండేది. నా ఒళ్లో మా కుందేలు వెల్లకిలా పడుకుని ఉంటుంది. నాలుగు కాళ్లూ పైకి, తల వెనక్కి వాలి, చెవులు నా మోచేతి మీదుగా కిందికి జారి. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మాత్రం నల్లటి అంచు. అందుకే దాని పేరు కాటుక. ఆ ఫొటో చూసిన ప్రతివాళ్లూ ఒకే మాట అనేవాళ్లు: "ఎంత మచ్చికైపోయిందో!" నేనూ అదే అనుకున్నాను. ఇంటికి ఎవరైనా వస్తే పిలిచి మరీ చూపించేవాణ్ని. కాటుకను ఎత్తి, మెల్లిగా వెనక్కి తిప్పి, ఛాతీ మీద రెండుసార్లు నిమిరితే చాలు, బొమ్మలా అయిపోయేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

అది మచ్చిక కాదు. చచ్చినట్టు పడి ఉండటం.

వేటాడే జంతువుకు చిక్కిన చిన్న ప్రాణి, ఇక పరుగూ తన్నూ పనికిరావని తేలాక, ఒళ్లు బిగబట్టి కదలిక ఆపేస్తుంది. చచ్చిందనుకుని పట్టు కాస్త సడలితే ఒక్క ఉదుటున తప్పించుకోవచ్చు. కుందేలును వెల్లకిలా తిప్పితే దాని ఒంట్లో మేలుకునేది ఆ ఏర్పాటే. పెంచేవాళ్లు దీన్ని 'ట్రాన్స్' అంటారు, కొందరు హిప్నోటిజం అని ముద్దుగా కూడా అంటారు. అలా తిప్పిన కుందేళ్లలో ఒత్తిడి పెరుగుతుందని కొలిచి చూసినవాళ్లున్నారు. ఆ ఫొటోలో ఇప్పుడు నాకు ముందు కనపడేది కళ్లు. గుడ్లు బయటికి వచ్చేంతగా తెరుచుకుని, తెల్లగుడ్డు అంచు కూడా కనిపిస్తోంది. రెండేళ్లపాటు మా ఇంట్లో ఎవ్వరం ఆ కళ్లు చూడలేదు. కాళ్లు చూశాం, పొట్ట చూశాం, 'అబ్బ ఎంత మెత్తగా ఉందో' అనుకున్నాం.

మౌనం అర్ధాంగీకారం అని మనకొక మాట ఉంది. మనుషుల మధ్యే ఆ మాట ఎన్ని కొంపలు ముంచిందో అందరికీ తెలుసు. కుందేలు దగ్గరికి వచ్చేసరికి అది పూర్తిగా తలకిందులు. కదలకుండా, అరవకుండా, కరవకుండా ఉన్న కుందేలు చాలాసార్లు 'వద్దు' అనే చెబుతోంది. మనకు అది వినపడదు. 'వద్దు' అంటే మొరగాలి, బుసకొట్టాలి, రక్కాలి అని కుక్కలూ పిల్లులూ మనకు నేర్పాయి. కుందేలును "చిన్నపిల్లలున్న ఇంటికి సరిగ్గా సరిపోయే జంతువు" అని చెప్పి ఇచ్చేస్తుంటారు చూడండి, దాని వెనకున్నదీ ఈ పొరపాటే. గోల చేయదు కాబట్టి దేనికీ అభ్యంతరం లేదని లెక్క.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సామెత మొండిపట్టు మనుషుల గురించి. కుందేలును పట్టుకున్న ప్రతివాడూ ఎంతో కొంత ఆ మొండివాడే అని నాకిప్పుడు అనిపిస్తుంది. ముందే ఒక అర్థం అనేసుకుంటాడు. తర్వాత ఆ అర్థానికి సరిపడే కాళ్లే లెక్కపెడతాడు.

కాటుక వచ్చిన కొత్తలో నేను ఒక పట్టిక ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. చెవులు ఇలా ఉంటే కోపం, అలా ఉంటే ఆనందం, తోక ఊపితే ఇది, ముక్కు ఆగితే అది. పక్కన చక్కటి బొమ్మలు. అది నాకు చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ. పట్టికలో ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం ఉంటుంది, కుందేలులో ఉండదు.

చెవులు వీపు మీదికి వాల్చి నేలకు కరుచుకుని ఉందనుకోండి. విశ్రాంతిగా ఉన్నా అలాగే ఉంటుంది, ప్రాణభయంతో ఉన్నా అలాగే ఉంటుంది. తేడా బిగువులో ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు చెవులు వదులుగా వాలి ఉంటాయి, ఒళ్లు పిండిముద్దలా పరుచుకుంటుంది, కళ్లు సగం మూతపడతాయి, వెనక కాళ్లు ఒక పక్కకు చాపి ఉంటాయి. భయంతో ఉన్నప్పుడు చెవులు వీపుకు అతికించినట్టు ఉంటాయి, కళ్లు ఉబ్బుతాయి, కండ ప్రతిదీ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ముక్కూ అంతే. కుందేలు ముక్కు నిమిషానికి 20 నుంచి 120 సార్ల దాకా కదులుతుంది. ఆసక్తో ఆందోళనో పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. గాఢంగా నిద్రపోయినప్పుడు ఆగిపోతుంది. ఏదో చప్పుడు విని బిగుసుకుపోయినప్పుడు కూడా ఒక్కోసారి ఆగిపోతుంది. ముక్కును మాత్రమే చూసేవాడికి ఈ రెండూ ఒకటే.

అసలు ఈ జంతువు ఎవరి చూపు కోసం తయారైందో మనం మర్చిపోతాం. తెలుగులో పొలాల్లో పరిగెత్తేదాన్నీ, ఇళ్లలో పెంచేదాన్నీ ఒకే పేరుతో కుందేలు అంటాం గానీ అవి రెండూ వేరు. పెంపుడు కుందేళ్లన్నీ స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికిన జాతి నుంచి వచ్చినవే. పైన గద్ద, నేల మీద నక్క. అలాంటి చోట నొప్పిని బయటపెట్టేది, నీరసం చూపించేది, అరిచి చోటు తెలియజేసేది బతికి బట్టకట్టలేదు. అరవడం దానికి బొత్తిగా రాదని కాదు. చావు భయంలో చంటిపిల్లలా కీచుమని ఒక్క కేక పెడుతుంది. మీ ఇంట్లో కుందేలు ఆ కేక పెట్టిందంటే దానికి చెప్పడానికి ఇక మరో మార్గం మిగల్లేదని.

కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల అది దాదాపు తన చుట్టూ ఉన్నదంతా ఒకేసారి చూస్తుంది. వెనక నుంచి వచ్చినా తెలుస్తుంది, పైన నీడ కదిలినా తెలుస్తుంది. కనపడని చోటల్లా సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద. మనం ముద్దు చేయడానికి చెయ్యి పెట్టేది కచ్చితంగా అక్కడే! కుక్కకు వాసన చూపించినట్టు గుప్పిట మూసి దాని మూతి దగ్గర పెడతాం. అప్పటిదాకా కనపడుతున్న చెయ్యి దానికి హఠాత్తుగా మాయమై, మీసాలకు తగులుతుంది. ఉలిక్కిపడి ఎగురుతుంది. "ఎన్నాళ్లు పెంచినా భయం పోలేదు" అని మనం నిందిస్తాం. పక్కనుంచి, దానికి కనపడేలా చెయ్యి తెచ్చి నుదుటి మీద పెట్టి చూడండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుకు నాలుగు రోజులు పట్టింది. అవి కుందేలుకు పట్టిన రోజులు కావు, నా చేతికి పట్టినవి.

పొరపాట్లలో నాకు భలే ఆసక్తిగా అనిపించేవి మన భాష వల్ల, మన అలవాట్ల వల్ల వచ్చేవి. పళ్లు నూరడం అంటే తెలుగులో కోపం. వాడు నా మీద పళ్లు నూరుతున్నాడు అంటాం. కాటుక తొలిసారి నా చేతి కింద పళ్లు నూరినప్పుడు నేను చెయ్యి లాగేసుకున్నాను. పాపం, అది ఆ రోజు నాకిచ్చిన అతిపెద్ద మెచ్చుకోలు అదే. తల నిమురుతుంటే కుందేలు పళ్లను మెల్లిగా, తేలిగ్గా ఒకదానికొకటి తాకిస్తుంది. చెవికి వినపడటం కన్నా దవడ మీద వేలు పెడితే తెలిసేంత సన్నటి అదురు. పిల్లి గురగురలాంటిది. అదే పళ్ల చప్పుడు గట్టిగా, విడివిడిగా, గది అవతలికి వినపడేలా వచ్చిందంటే నొప్పి. సంతోషానికీ నొప్పికీ పళ్లే, కోపానికి మాత్రం కాదు. కోపం వస్తే అది పళ్లు నూరదు, గుర్రుమని ముందుకు దూకుతుంది.

తల వంచడం మనకు లొంగిపోవడం. కుందేలు మన ముందుకొచ్చి తల నేలకు ఆనించి కళ్లు మూసుకుంటే, 'చూశావా దండం పెడుతోంది' అని మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన మురిసిపోయారు. ఆ భంగిమకు అర్థం "ఊఁ, నిమురు". రెండు కుందేళ్లుంటే చాలాసార్లు పెత్తనం చేసేదే రెండోదాని మూతి కిందికి తల దూర్చి, నాకమని అడుగుతుంది. అంటే ఆ పెద్దాయనకు అందింది దండం కాదు, ఆజ్ఞ. ఆయన నిమరలేదు. కాటుక ఓ నిమిషం చూసి, ముక్కుతో ఆయన కాలిని ఒక పోటు పొడిచి వెళ్లిపోయింది. ఆ పోటుకు రెండు అర్థాలు: 'నన్ను పట్టించుకో', 'అడ్డు తప్పుకో'. ఆ రోజుది మొదటిది మొదలై రెండోదిగా ముగిసింది.

వీపు చూపించి కూర్చోవడాన్ని అలక అంటాం. గోళ్లు కత్తిరించిన రోజు మా కాటుక వెళ్తూ వెళ్తూ వెనక పాదాలను మా వైపు విదిలించి, గది మధ్యలో మాకు వీపు పెట్టి కూర్చుంటుంది. జంతువులకు అలక అంటగట్టొద్దు అంటారు కొందరు. నేను మాత్రం ఆ మాట వాడతాను, నాకింకో మాట దొరకలేదు. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. మనిషి వీపు తిప్పితే మనల్ని చూడనట్టు. కుందేలు వీపు తిప్పినా మనల్ని చూస్తూనే ఉంటుంది. అలిగిందా, దిగులుపడిందా అని మనం మొహం పెట్టుకుని కూర్చుంటే, ఆ మొహం కూడా దానికి కనపడుతూనే ఉంటుంది.

వెనక కాలితో నేలను దబ్‌మని కొట్టడం కోపమని నా ఫ్రిజ్ మీది పట్టిక చెప్పింది. విసుగుతో కొట్టే కుందేళ్లు లేకపోలేదు. కానీ దాని అసలు పని హెచ్చరిక. బొరియల్లో బతికే జంతువుకు నేల ద్వారా పోయే చప్పుడే టెలిఫోన్. ఒక రాత్రి రెండింటికి కాటుక హాల్లో దబ్, దబ్ అని మొదలుపెట్టింది. లేచి లైటు వేసి కసురుకున్నాను. పడుకోగానే మళ్లీ దబ్. మూడోసారి కోపంగా వెళ్లి చూస్తే అది చాపకు దూరంగా నిలబడి, మెడ సాచి, చెవులు రెండూ చాప వైపే రిక్కించి ఉంది. తోక నిక్కపొడుచుకుని, ముందు భాగం ముందుకు, వెనక కాళ్లు పారిపోవడానికి సిద్ధంగా వెనక్కి. సాయంత్రం ఆ చాప మీద కూర్చున్న స్నేహితుడి ఇంట్లో రెండు పిల్లులున్నాయి. చాప తీసి బాల్కనీలో ఆరేశాను. తెల్లారేదాకా చప్పుడు లేదు. ఇంట్లో పిల్లి దూరిందని కాపలావాడిలా లేపితే, నేను లేచి కాపలావాణ్నే తిట్టానన్నమాట.

ఆనందం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని తప్పుగా చదవడం కష్టం. పరిగెడుతూ పరిగెడుతూ గాల్లోకి లేచి, నడుము ఒక వైపూ తల ఒక వైపూ తిప్పి దిగితే దాన్ని బింకీ అంటారు. మన బింకానికీ దానికీ సంబంధం లేదు గానీ చూస్తే ఉందేమో అనిపిస్తుంది. ఇక కూర్చున్నది కూర్చున్నట్టే ధబీమని పక్కకు పడిపోవడం. తొలిసారి చూసినప్పుడు ప్రాణం పోయిందనుకుని మా ఆవిడ కేక పెట్టింది. ఆ కేకకు అది లేచి పారిపోయింది. నిశ్చింతగా ఉన్న కుందేలు అలా పడిపోతుంది, ఏ క్షణమైనా పరిగెత్తాల్సి వస్తుందనుకునేది కాళ్లు అలా గాలికి వదిలేయదు.

మరి కోపం? కాటుక బోనులో చెయ్యి పెడితే గుర్రుమని ముందరి పాదాలతో కొట్టేది. బయట ఉన్నప్పుడు అదే చేతిని నాకేది. కోపిష్టిదని పేరు పెట్టేశాం. అది దాని ఇల్లు. మన వంటింట్లోకి ఎవరో చెప్పాపెట్టకుండా పైకప్పు తీసి చెయ్యి దూర్చి సామాను సర్దితే మనమేం చేస్తాం? బోను శుభ్రం చేయడం అది బయట తిరుగుతున్నప్పటికి మార్చాం. సగం కోపం ఆ రోజే పోయింది. మిగతా సగం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక పోయింది. ఆ మధ్యలో ఒకసారి అది గడ్డాన్ని కిందికి ఒత్తి, ఎండుగడ్డి నోటినిండా అడ్డంగా పట్టుకుని గుబురు మీసాలతో ఇల్లంతా తిరిగింది. మేం పడీ పడీ నవ్వాం, వీడియోలు తీశాం. రెండో రోజు తన గొంతు కింద బొచ్చు తానే పీక్కుని ఒక మూల పోగు పెట్టింది. అప్పుడు నవ్వు ఆగింది. మగకుందేలు తోడు లేకుండానే ఆడకుందేలుకు కడుపుతో ఉన్నానన్న భ్రమ కలుగుతుంది, సుమారు 16 నుంచి 18 రోజులు ఉంటుంది. అది రాని పిల్లల కోసం పక్క సిద్ధం చేస్తోంది.

ఇప్పుడు ఆ రాత్రి గురించి. ఎన్నిసార్లు రాయబోయి వదిలేశానో.

మా అమ్మ అప్పుడు మాతో ఉంది. అమ్మకు కుందేళ్ల గురించి ఏ పట్టికా తెలియదు. రోజూ సాయంత్రం ఆమె కుర్చీ దగ్గరికి వెళ్తే కాటుక వచ్చి చీర కుచ్చిళ్లకు గడ్డం రాసేది. గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. మన ముక్కుకు అందని ముద్ర అది, 'ఇది నాది' అని. అమ్మ రోజూ "సరేలేవే, నీదేలే" అనేది. ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి నాతో అంది:

"ఒరేయ్, ఇది ఇవాళ నాకు ఎదురు రాలేదురా."

వెళ్లి చూశాను. మూలన గుండ్రంగా ముడుచుకుని కూర్చుంది. పాదాలు పొట్ట కింద, కళ్లు సగం మూసి.

"నిద్రపోతోందిలే అమ్మా. హాయిగా ఉన్నప్పుడు అలానే కూర్చుంటాయి."

"హాయిగా ఉన్నవాళ్ల మొహం అలా ఉండదురా."

నేను ఫొటో తీశాను కూడా, ముద్దుగా ఉందని. పొద్దున లేచి చూస్తే ట్రేలో రాత్రివి నాలుగే పెంటికలు, అవీ ఎండుమిరియాల్లా చిన్నవి. గడ్డి పెట్టింది పెట్టినట్టే ఉంది. కుందేలు పేగులు ఆగకుండా కదులుతూనే ఉండాలి. అది వాంతి కూడా చేసుకోలేదు. ఏ కారణం వల్లనైనా తినడం మానేస్తే పేగులు మందగిస్తాయి, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. 10, 12 గంటలు ఏమీ తినకపోతే తెల్లారేదాకా ఆగడం కాదు, అర్ధరాత్రయినా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మేం అప్పటికే ఆలస్యం. డాక్టరుగారు పొట్ట తడిమి, నొప్పికి మందిచ్చి, సిరంజితో తిండి ఎలా పెట్టాలో చూపించి, చివర్లో అడిగారు: "నిన్న సాయంత్రం ఎలా కూర్చుంది?" ఫోన్ తీసి ఆ ఫొటో చూపించాను. ఆవిడ దాన్ని పెద్దది చేసి, ఒక్కొక్కటే వేలితో చూపించారు.

2012లో కొందరు శాస్త్రవేత్తలు కుందేలు మొహంలో నొప్పిని చదవడానికి ఒక కొలమానం అచ్చు వేశారు. గుర్తు కోసం చెవికి పచ్చబొట్టు పొడిచేటప్పుడు, తిమ్మిరి క్రీము రాసినప్పుడూ రాయనప్పుడూ కుందేళ్ల మొహాలు ఎలా మారుతున్నాయో పోల్చి తయారు చేశారు. చూడాల్సినవి ఐదు. కళ్లు బిగుసుకుని సన్నబడటం. గుండ్రటి బుగ్గలు చదునుగా మారడం. ముక్కు ఇంగ్లీషు U ఆకారం పోయి V లా కొసదేలడం. మీసాలు వంపు పోయి బిగదీసుకోవడం. చెవులు గొట్టంలా ముడుచుకుని వెనక్కి తిరిగి ఒంటికి అంటుకోవడం. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు అని మార్కులు. మన పెంపుడు కుందేళ్ల నొప్పి మనకు అర్థం కావడానికి ఆ కుందేళ్లు ఇచ్చింది ఏమిటో ఆలోచిస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. నేను 'ముద్దుగా ఉంది' అని తీసిన ఫొటోలో ఆ ఐదింటిలో నాలుగు ఉన్నాయి. ముక్కు మాత్రం సరిగ్గా పడలేదు, అందుకని ఐదోది లెక్క తేలలేదు.

కాటుక నాలుగు రోజుల్లో కోలుకుంది. నేను చెప్పాలనుకున్నది ఆ కొలమానం గురించి కాదు. కొలమానం చూసి పోల్చడానికి ముందు ఎవరో ఒకరు అనుమానపడాలి. అమ్మ అనుమానపడింది, ఎందుకంటే ఆమెకు కుందేళ్లు తెలియవు, కాటుక తెలుసు. ఏ రోజు ఎదురొస్తుంది, ఎంతసేపు ఆగుతుంది, గడ్డం ఎక్కడ రాస్తుంది అన్నది తెలుసు. గుర్తు ఒక్కటే చూసిన నేను, గుర్తుకు సరిపోయే అర్థం పట్టికలోంచి తెచ్చుకున్నాను. గుండ్రంగా కూర్చుంటే హాయి అని పట్టికలో ఉంది కదా!

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "మా కుందేలుకు ఎత్తుకుంటే ఇష్టమే, వెల్లకిలా పడుకోబెట్టినా ఇష్టమే, మీది పిరికిది" అని నాతో అన్నవాళ్లున్నారు. ఎత్తుకుంటే ఓర్చుకునేవి ఉన్నాయి, కొన్ని ఒళ్లోకి వాటంతట అవే వస్తాయి కూడా. ఎవరి కుందేలు గురించీ నేను తీర్పు చెప్పను. ఒక్క పని చేయమంటాను. నేల మీద దాని పక్కన కూర్చోండి. నుదుటి మీద ఐదు సెకన్లు నిమిరి, చెయ్యి తీసేసి పక్కన పెట్టుకోండి. ఇష్టమైతే తల ఇంకా కిందికి దించుతుంది, లేదా ముక్కుతో చేతిని పొడుస్తుంది, కనీసం ఉన్నచోటే మెత్తబడుతుంది. ఇష్టం లేకపోతే ఒళ్లు బిగుస్తుంది, కాస్త జరుగుతుంది, తల విదిలించి ఇప్పుడే మీరు నిమిరిన చోట నాక్కోవడం మొదలుపెడుతుంది. వెళ్లిపోవడానికి దారి ఉన్నప్పుడు ఆగితేనే అది ఆగినట్టు. చేతుల్లో గట్టిగా పట్టుకుని 'చూడు, కదలట్లేదు' అనడం పరీక్ష కాదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. గోళ్లు కత్తిరించాలి, మందు పట్టాలి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రతిదానికీ దాని అనుమతి అడుగుతూ కూర్చుంటే అది బతకదు. ఒప్పుకుంటాను. సిరంజితో తిండి పెట్టిన ఆ నాలుగు రోజులూ కాటుక ఒక్కసారి కూడా సరే అనలేదు. కానీ అవసరానికి పట్టుకోవడం వేరు, పట్టుకున్నప్పుడు దానికి నచ్చిందని మనకు మనం చెప్పుకోవడం వేరు. నచ్చలేదని తెలిస్తే త్వరగా ముగిస్తాం, నడుము కింద చెయ్యి వేసి వెనక కాళ్లు గాల్లో వేలాడకుండా చూస్తాం. కుందేలు ఎముకలు దాని బరువులో 7, 8 శాతమే, వెనక కాళ్ల కండరాలు మాత్రం దిట్టం. గాల్లో గట్టిగా తన్నుకుంటే తన వెన్నెముక తానే విరగ్గొట్టుకోగలదు. నచ్చిందనుకుంటే ఇవేవీ చూడం. పైగా వచ్చినవాళ్లకు పిలిచి చూపిస్తాం, నేను చూపించినట్టు.

పోయిన ఏడాది ఒక మగదాన్ని కూడా తెచ్చుకున్నాం. చెవులు చేటల్లా కిందికి వేలాడతాయి, పేరు కూడా చేట. చెవుల భాష చదవడం అప్పుడే కాస్త వచ్చిందనుకుంటున్న నాకు దేవుడు పెట్టిన పరీక్ష వాడు. (మగవాడు కాబట్టి మా అమ్మాయి 'వాడు' అంటుంది, నాకూ అలవాటైంది.) వేలాడే చెవులు నిలబడవు, వెనక్కి వాలవు. ఆశ్చర్యపోతే మొదలు దగ్గర కొంచెం ముందుకు జరుగుతాయి, అంతే. కాబట్టి వాణ్ని చదవాలంటే ముక్కు వేగం, కళ్లు, వెనక కాళ్లు ఎక్కడున్నాయి, పొట్ట నేలకు ఎలా ఆనింది, ఇవే దిక్కు. చెవులు లేని కుందేలును చదివాక తెలిసింది, కాటుక చెవులు చూస్తూ నేను మిగతా కాటుకను ఎంత వదిలేశానో. చేట నా పాదాల చుట్టూ తిరుగుతూ సన్నగా హూఁ హూఁ అంటాడు. ఆపరేషన్ కాకముందు అది ప్రణయం. అయ్యాక వారాలు గడిచేకొద్దీ తగ్గింది. ఇప్పుడు గడ్డి డబ్బా మూత చప్పుడైతే మాత్రమే తిరుగుతాడు.

ఈ ఏడాది నుంచి గోళ్ల పద్ధతి మార్చాం. కుందేలుకు 18 గోళ్లు: ముందరి కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. ఇదివరకు వెల్లకిలా తిప్పి పది నిమిషాల్లో అన్నీ పూర్తి చేసి, ఎంత బుద్ధిగా ఉందో అని మెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు మా అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. కాటుక ఒళ్లోకి రావాలి. వచ్చి గడ్డి నములుతుంటే నేను ఒక పాదం మెల్లిగా పక్కకు తీసి కత్తిరిస్తాను. కాలు లాక్కుంటే వదిలేస్తాను. లేచి వెళ్తే ఆ రోజుకు అంతే. వారం పడుతుంది. నిన్న రాలేదు, మొన్న వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. ఇవాళ వచ్చి కూర్చుంది. నాలుగో గోరు దగ్గర ఒకసారి కాలు లాక్కుంది. ఆగాను. కాసేపటికి తల దించింది. మా అమ్మాయి నుదురు నిమిరింది, నేను ఐదోది కూడా కత్తిరించాను. ఎడమ ముందు కాలు అయింది. ఇంకా మూడు కాళ్లున్నాయి.